గేరు కర్ర నడిచిన అడుగులు

ఆ డ్రైవరుకి యాభై రెండేళ్లు. అందులో ఇరవై ఆరేళ్లు సీటు మీదే గడిచాయి. పొట్ట స్టీరింగుని తాకుతుంది, చొక్కా జేబులో బీపీ మాత్ర ఉంటుంది. నడవాల్సిన దూరమంటే డిపో గేటు నుంచి బస్సు దాకా, అంతే.

ఆ డిపోకి కొత్త డాక్టరమ్మ వచ్చి, అడుగులు లెక్కపెట్టే చేతి పట్టీలు అందరికీ తలా ఒకటి ఇచ్చింది.

"మిమ్మల్ని పరుగు పందేలకి పొమ్మనట్లేదు. తిన్నాక పది నిమిషాలు నడవండి. ట్రిప్పుకీ ట్రిప్పుకీ మధ్య సీట్లోంచి లేవండి. ఉప్పు తగ్గించండి, నిద్ర మాత్రం తగ్గించకండి. మూడు నెలలాగి చూద్దాం" అంది.

వారం తిరిగేసరికి అందరి అడుగుల లెక్కా రాసి గోడ మీద అంటించిన కాగితంలో మొదటి పేరు ఆయనదే. రోజుకి పదమూడు వేల అడుగులు! మెకానిక్కులు 'నడకల మావయ్య' అని పేరు పెట్టారు. ఆయన కూడా నమ్మేశాడు. పొగిడితే నమ్మడానికి మనిషికి పెద్ద ఆధారాలేం అక్కర్లేదు.

సెలవు రోజున మంచం దిగలేదు. సాయంత్రం పట్టీ చూస్తే నాలుగు వందల పన్నెండు అడుగులే. మర్నాడు సిగ్నల్ దగ్గర బస్సు ఆగినప్పుడు అనుమానం వచ్చి మణికట్టు వైపు చూశాడు. ఆయన చెయ్యి గేరు కర్ర మీద ఉంది. పాత ఇంజను, కర్ర చలిజ్వరం వచ్చినట్టు వణుకుతోంది. పట్టీలో అంకెలు గబగబా పెరుగుతున్నాయి. చెయ్యి తీశాడు, ఆగాయి. పెట్టాడు, పరుగందుకున్నాయి.

ఆ రోజే చెప్పేసి ఉంటే డిపో మొత్తం ఒక పూట నవ్వుకుని ఊరుకునేది. చెప్పలేదు. అప్పటికే ఆయన భార్య ఇరుగుపొరుగు ఆడవాళ్ల దగ్గర మా ఆయన నడక అలాంటిది, ఇలాంటిది అని చెప్పుకుని మురిసిపోయింది. సిగ్గుపడాల్సిన సంగతి ఇంకోటుంది. ఆ రోజు నుంచి గేరు మార్చే పని లేనప్పుడు కూడా చెయ్యి ఆ కర్ర మీదే ఉంచాడు.

ఆ బస్సులో కండక్టరు ఆయన బావమరిదే. షుగరు మనిషి. భోజనం కాగానే డిపో చుట్టూ నిజంగా నడిచేవాడు.

"నువ్వెప్పుడు నడుస్తావు బావా? నా కంట ఒక్కసారీ పడవేంటి?"

"తెల్లారగట్ల" అన్నాడు డ్రైవరు, అద్దం తుడుస్తూ.

మూడు నెలలకి ఇద్దరూ కలిసి డాక్టరమ్మ గదికెళ్లారు. బావమరిది షుగరు కాస్త దిగింది. డ్రైవరు బీపీ ఎక్కడిదక్కడే ఉంది. డాక్టరమ్మ కాగితాలు తిరగేసింది.

"ఇంత నడిచినా తగ్గలేదంటే ఈ మాత్ర చాలట్లేదు" అని పెద్ద మాత్ర రాసింది. ఆయన చీటీ మడిచి జేబులో పెట్టుకున్నాడు.

మర్నాడు భోజనమయ్యాక బావమరిది నడవలేదు. వెనక సీట్లో పడుకున్నాడు.

"లేవవేంరా?"

"ఎందుకు బావా? పదమూడు వేలు నడిచిన నీకే ఏం ఒరగలేదు. నా నడకెంత! మాత్రలకే తగ్గుంటుంది."

"డాక్టరమ్మ చెప్పింది కదరా."

"ఆవిడ పుస్తకాల్లో చదివింది చెప్తుంది. నేను నిన్ను చూస్తున్నాగా."

ఆ మాటకి డ్రైవరుకి తల కొట్టేసినట్టయింది. అయినా గుడ్డ తీసుకుని మళ్లీ అద్దం తుడవసాగాడు. అలా రెండు వారాలు గడిచాయి. ఒక మధ్యాహ్నం బావమరిది చెప్పులు విడిచి పాదాలు రుద్దుకుంటూ, "అరికాళ్లు మళ్లీ మంటలు పుడుతున్నాయి బావా" అన్నాడు.

డ్రైవరు ఇక ఆగలేకపోయాడు. తన సీట్లోకి వెళ్లాడు. ఇంజను స్టార్టు చేశాడు.

"ఇటు రా. దీన్ని చూడు."

గేరు కర్ర మీద చెయ్యి పెట్టాడు. అంకెలు పరిగెత్తాయి.

"ఏంటిది బావా?"

"నా నడక."

బావమరిది నవ్వుతాడనుకున్నాడు. నవ్వి ఉంటే బతికిపోయేవాడు.

"మరి తెల్లారగట్ల?"

"పడుకునేవాణ్ణి."

"ఆ పెద్ద మాత్ర?"

"వేసుకుంటున్నా."

"బుద్ధుందా నీకు? నడిచావనుకునే కదా ఆవిడ ఆ మాత్ర రాసింది! బీపీ మరీ పడిపోయి కళ్లు తిరిగి, బస్సు దేన్నైనా గుద్దితేనో? యాభై మందిని వెనకేసుకుని తిరుగుతున్నాం." గొంతు తగ్గించాడు. "అక్కకి తెలుసా?"

డ్రైవరు తల అడ్డంగా ఊపాడు.

"అక్కకి ఇంటికెళ్లి నువ్వే చెప్పుకో. ముందు డాక్టరమ్మ దగ్గరికి పద."

బావమరిది చెప్పులేసుకుని దిగి, వెనక్కి చూడకుండా నడిచాడు. డాక్టరమ్మ గది డిపో అవతలి చివర ఉంది. డ్రైవరు వెనకే బయల్దేరాడు. షెడ్డు దాటేసరికి రొప్పు, డీజిలు పంపు దగ్గరికొచ్చేసరికి చెమట. "ఏం మావయ్యా, ఎండలో కూడా నడకేనా?" అని మెకానిక్కు అరిచాడు. భూమి చీలి తనని మింగేస్తే బాగుండనిపించింది.

డాక్టరమ్మ అంతా వింది. తిట్టలేదు. పాత కాగితం పక్కన పెట్టి తెల్లది తీసుకుంది.

"సరే, మొదట్నుంచి రాసుకుందాం. నిజంగా రోజుకి ఎంత నడుస్తారు?"

తలుపు దగ్గర బావమరిది నిలబడి వింటున్నాడు. ఆయన నేల చూపులు చూస్తూ, ఇంకా రొప్పుతూనే చెప్పాడు.

"ఇప్పుడు ఇక్కడిదాకా వచ్చానే, అదేనమ్మా."