కాగితం చూపిస్తేనే నమ్మే వెండెల్

మా బడిలో అమెరికా చరిత్ర చెప్పే వెండెల్ టిబ్బెట్స్ కాగితం చూడనిదే ఏదీ నమ్మడు. తాను పుట్టిన సంగతి కూడా జనన పత్రం చేతికొచ్చాకే ఒప్పుకున్నాడని ఉపాధ్యాయుల గదిలో ఒక అనుమానం ఉంది. పక్క గదిలో పద్దెనిమిదేళ్లుగా లెక్కలు చెబుతున్నాను కాబట్టి, ఆ అనుమానం పుట్టించింది నేనేనని ముందే ఒప్పుకుంటున్నాను.

పాఠ్యపుస్తకాన్ని ఆయన పుకార్ల కట్ట అంటాడు. బడివాళ్లు ఎంతో ప్రేమగా కొనిచ్చిన ముప్పై పుస్తకాలూ ఆయన గదిలో వృథా పోలేదు. కొన్ని కిటికీ మూసుకుపోకుండా ఆపుతున్నాయి, మిగతావి ప్రొజెక్టర్ కింద ఎత్తుకు పనికొచ్చాయి. పిల్లలకు ఆయన ఇచ్చేవి ఆ కాలం మనుషులు తమ చేత్తో రాసుకున్న వాటి నకళ్లు. యుద్ధానికి వెళ్లినవాడు తల్లికి రాసిన ఉత్తరం, పారిపోయిన బానిసను పట్టిస్తే బహుమానమిస్తామన్న ప్రకటన, ఓడ దిగినవాళ్ల జాబితా, ఇలాంటివి. ప్రతి కాగితానికీ మూడు ప్రశ్నలు. ఎవరు రాశారు? ఎప్పుడు రాశారు? ఎవరు చదవాలని రాశారు?

తరగతిలో అడిగితే అది చదువు. ఈయన భోజనాల దగ్గర కూడా అడుగుతాడు. క్రిస్మస్ ముందు అందరం తలో వంటకం తెచ్చుకుంటే, ఒక గిన్నె మీద "అమ్మమ్మ చేతి వంట" అని చీటీ ఉంది.

"ఎవరి అమ్మమ్మ?" అన్నాడు.

"మా అమ్మమ్మ పద్ధతి, నేను చేశాను" అంది ప్రిన్సిపల్ గెయిల్ స్ట్రౌడ్.

"అయితే చీటీ అబద్ధం చెబుతోంది" అంటూ వడ్డించుకున్నాడు. రెండుసార్లు వడ్డించుకున్నాడు.

ఒకసారి అగ్నిప్రమాద అభ్యాసానికి గంట మోగింది. ఏడు వందల మంది బయట ఎండలో నిలబడ్డాం. వెండెల్ తరగతి మాత్రం రాలేదు. గెయిల్ ఆయాసపడుతూ వెళ్లి చూస్తే, లోపల పాఠం హాయిగా సాగుతోంది.

"గంట వినబడలేదా వెండెల్?"

"వినబడింది. కానీ నువ్వు సంతకం పెట్టిన కాగితంలో గురువారం అని ఉంది. ఇవాళ బుధవారం. మంటలు రేపు గదా."

ఇలాంటి మనిషికి అన్నం పెట్టే బాధ్యత మిస్ ఒడెస్సాది. ఒడెస్సా గేన్స్ ఇరవై ఆరేళ్లుగా మా బడి వంటగది నడుపుతోంది. బన్నుల్లా పొంగే ఆమె వేడి బిస్కెట్లూ, వాటి మీద పోసే మిరియాల గ్రేవీ కోసమే మా ఊళ్లో కొందరు డిగ్రీలు చదివి మళ్లీ ఇక్కడికే పంతుళ్లుగా వచ్చారు. నేను వాళ్లలో ఒకణ్ణి.

జనవరిలో ఒకరోజు ఆమె గరిటె పట్టుకుని, ఎవరితోనూ కానట్టుగా అంది. "ఫుట్‌బాల్ మైదానం పక్కన ఆ మూల చదును చేసి కార్లు పెట్టుకుంటారట. మే నెలలో బడి బోర్డు ఓటు వేస్తుందట. ఈ బడి నేలంతా మా ముత్తాత అజరయ్య ఇచ్చిందే. ఆ మూల రాళ్ల కింద మా ముత్తవ్వ పడుకుని ఉంది."

అందరం గతుక్కుమన్నాం. బిస్కెట్ నములుతూనే వెండెల్ అడిగాడు. "కాగితం ఉందా?"

"మా అమ్మ చెప్పింది."

"ఆమెకు ఎవరు చెప్పారు? ఎప్పుడు?"

మిస్ ఒడెస్సా గరిటెను గిన్నెలో పెట్టేసింది. ఆ రోజు నుంచి వెండెల్ పళ్లెంలోకి బిస్కెట్ వచ్చేది గానీ గ్రేవీ వచ్చేది కాదు. ఎండు బిస్కెట్‌ను ఆయన నీళ్లతో మింగుతుంటే మాకు ఎంతో తృప్తిగా ఉండేది.

"సిగ్గుందా నీకు? ఆ మనిషి మొహం చూశావా?" అన్నాను.

"చూశాను. మొహం సాక్ష్యం కాదు డెల్బర్ట్."

నాకు ఒళ్లు మండింది. నెల రోజులు పలకరించలేదు. ఆయన గమనించినట్టు లేదు.

గ్రేవీ ఆగిన మర్నాటి నుంచే ఆయన తరగతిలో కొత్త హింస మొదలైంది. కౌంటీ కోర్టు నేలమాళిగలో ఉన్న పాత భూమి దస్తావేజుల ఫొటోలు తెచ్చి పంచాడు. అన్నీ గుమాస్తాల గొలుసుకట్టు రాత. మా పిల్లలకు అచ్చు అక్షరాలూ ఫోన్ మీటలూ తప్ప ఇంకేమీ తెలియవు.

"సార్, ఇది ఏ భాష?" అంది డార్బీ అనే పిల్ల.

"ఇంగ్లీషు."

"మన ఇంగ్లీషేనా?"

పదహారేళ్ల పిల్లలను కూర్చోబెట్టి, ఒకటో తరగతిలో లాగా అక్షరాలు దిద్దించాడు. శనివారాలు నేలమాళిగలో దుమ్ము పీల్చి, సోమవారాలు తుమ్ముకుంటూ వచ్చేవాడు. "మా అమ్మాయిని కాలేజీకి పంపాలనుకుంటున్నాం, పాత కచేరీలో గుమాస్తాగా కాదు" అని ఒక తండ్రి ఫిర్యాదు రాశాడు. వెండెల్ దాన్ని ఆసాంతం చదివి, తేదీ వేయలేదని తిప్పి పంపాడు.

మే నెల వచ్చింది. బోర్డు సమావేశంలో ఎవరైనా మాట్లాడవచ్చు, కానీ ముందే పేరు రాయించుకోవాలి, మూడు నిమిషాలే. గంట మోగితే మాట మధ్యలో ఉన్నా దిగిపోవాలి. మిస్ ఒడెస్సా ఆదివారం టోపీ పెట్టుకుని వచ్చింది. ముత్తవ్వ పేరు లూవీనియా అని చెప్పేసరికి గంట మోగింది.

అధ్యక్షుడు క్లైడ్ హోల్‌కోంబ్ ఊళ్లో ట్రాక్టర్లు అమ్ముతాడు. గొంతులో వెన్న పూసుకుని అన్నాడు. "మాకు సానుభూతి ఉంది మిస్ ఒడెస్సా. కానీ విన్నమాటల మీద బోర్డు ఎలా నడుస్తుంది చెప్పండి? అక్కడున్నవి ఉత్త రాళ్లు."

వెనక వరుసలో వెండెల్ లేచాడు. మిస్ ఒడెస్సా కళ్లు మూసుకుంది. ఉన్న కాస్త ఆశనూ ఈయన ముగించేస్తాడని నేనూ అనుకున్నాను. ఆయన తలుపు తీసి, పక్కకు తప్పుకున్నాడంతే. ఇరవై ఏడుగురు పిల్లలు వరుసగా లోపలికి వచ్చారు. అందరూ పేర్లు రాయించుకున్నవాళ్లే.

ముందు డార్బీ. "ఇది దస్తావేజు. రాసింది కౌంటీ గుమాస్తా. రాసింది 1891 మార్చిలో. ఎవరు చదవాలని రాశారంటే, మీరు." చదవడం మొదలుపెట్టింది. పొడవాటి పీఠిక దాటి, "అజరయ్య గేన్స్ అనే నేను బడి కోసం పదెకరాలు ఇస్తూ" అనేదాకా వచ్చేసరికి గంట మోగింది. డార్బీ దిగిపోయింది. వెనకవాడు మైకు అందుకుని, "ఆగ్నేయ మూల మాత్రం ఉంచుకుంటున్నాను" అంటూ అదే వాక్యం పట్టుకున్నాడు. "నా భార్య లూవీనియా, ఇద్దరు బిడ్డలు అక్కడున్నారు. దాని మీదుగా నాగలి గానీ బండి గానీ ఎన్నడూ పోరాదు. అది నా సంతతిది."

క్లైడ్ గొంతు సవరించుకున్నాడు. "బండి అంటే గుర్రపు బండి బాబూ. అప్పుడు కార్లు లేవు."

"అయితే మీ కారు వాళ్ల మీదుగా పోవచ్చంటారా సార్?" అన్నాడు వాడు, చాలా మర్యాదగా.

తర్వాత జనాభా లెక్కల కాగితం వచ్చింది. తర్వాత ఆ బడి తొలి పంతులమ్మ ఉత్తరం వచ్చింది. పదకొండో పిల్లకే క్లైడ్ చేతులెత్తి, "సరే, ఆ మూల జోలికి పోం" అన్నాడు. కానీ పేరు రాయించుకున్న అందరినీ వినాలని బోర్డు నిబంధన. గెయిల్ ఆ నిబంధన కాగితం తీసి చూపించింది. పాపం, ఓడిపోయాక కూడా ఆయన ఇంకా పదహారు మందిని విన్నాడు. ఓట్లు అయిదుకు అయిదూ మిస్ ఒడెస్సాకే పడ్డాయి.

మర్నాడు భోజనాల వేళ ఆమె వెండెల్ పళ్లెంలో గ్రేవీ పోసింది. బిస్కెట్ మునిగింది, బీన్స్ మునిగాయి, ఆయన చొక్కా చేతి అంచు కూడా తడిసింది.

"నన్ను నమ్మలేదనుకున్నాను వెండెల్."

"జనవరిలో మీరు చెప్పినప్పుడే నమ్మాను. నేను నమ్మితే ఏం లాభం? నాకు బోర్డులో ఓటు లేదు. క్లైడ్ ఏమడుగుతాడో అదే ముందు నేను అడిగాను."

ఆ మాట వింటుంటే నాకు నెల రోజుల నా మౌనం గుర్తొచ్చి తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

మిస్ ఒడెస్సా మాత్రం కరగలేదు. "నమ్మానని నోటితో అంటే సరిపోతుందా? రాసివ్వు. జనవరి తేదీ వేసి రాసివ్వు."

వెండెల్ అదిరిపడ్డాడు. "మే నెలలో రాసి జనవరి తేదీ వేయడమా? అది ఫోర్జరీ మిస్ ఒడెస్సా."

పది నిమిషాలు వాదించుకున్నారు. వెనక వరుసంతా ఆకలితో నిలబడింది. చివరికి ఆయన చేతులు తుడుచుకునే కాగితం మీద గొలుసుకట్టు రాతలో రాశాడు: "జనవరి తొమ్మిదిన మిస్ ఒడెస్సా గేన్స్ చెప్పిన ప్రతి మాటా నేను ఆ రోజే నమ్మానని, మే పద్నాలుగున రాసి ఇస్తున్నాను." కింద సంతకం పెట్టాడు. సాక్షి సంతకం నన్ను పెట్టమన్నాడు.

"ఆయన మనసులో ఏముందో నాకెలా తెలుసు?" అన్నాను కలం పట్టుకుని.

"నువ్వు నోరు మూసుకుని పెట్టు డెల్బర్ట్" అంది మిస్ ఒడెస్సా.