మామ మగ్గం పక్కన డేటాబేస్

దయ్యాలను నేను ఎన్నడూ నమ్మలేదు. నమ్మేవాళ్ళను ఆటపట్టించడం మాత్రం మానలేదు. ప్రోగ్రాములు రాసి బతికేదాన్ని. ఏ పని ఎందుకు జరిగిందో, ఎందుకు ఆగిందో కంప్యూటర్ తన లాగ్‌లో రాసి పెడుతుంది, అది చదివితే చాలు అనుకునేదాన్ని. కాబట్టి కింద చెప్పబోయేది చదివి నవ్వాలనిపిస్తే నవ్వండి. వేరేవాళ్ళు చెప్పి ఉంటే నేనూ నవ్వేదాన్నే.

మాది తిరుత్తణి దగ్గర నేత కుటుంబం. మా అమ్మకు అన్న, అంటే మా మామ, ఇంట్లోనే అందరం ఉంటాం. చీరల డిజైన్లు గీయడంలో మామకు మా చుట్టుపక్కల సాటి లేదు. ఆయనది ఒకటే పట్టుదల, డిజైన్ ఇల్లు దాటకూడదు. దాటితే నాలుగు రోజుల్లో అదే డిజైన్ మరమగ్గం మీద సగం ధరకు దిగుతుంది. ఆ భయం ఉత్తిది కాదు. మా వీధిలో చేతిమగ్గం మిగిలింది మాదొక్కటే. మిగతావన్నీ కరెంటుతో నడిచే మరమగ్గాలు. పగలంతా వాటి మోతలో పక్కనున్న మనిషి మాట కూడా వినపడదు.

మామ పోయాక గుంటలో కాళ్ళు పెట్టి నేసే ఆ చేతిమగ్గాన్ని నడపగలిగింది ఒక్క బావే. బావ అంటే మామ కొడుకు, మా అక్క భర్త. నేసిన చీరలు అమ్ముడుపోక, విసిగిపోయి, శ్రీపెరుంబుదూరు వైపు ఒక కంపెనీలో పనికి ఒప్పుకున్నాడు. పనిలో చేరేలోపు మగ్గం విప్పేసి కట్టెలు అటక ఎక్కిద్దామన్నాడు. ఆ మాట విన్న రోజు అమ్మ అన్నం ముట్టలేదు. నాకైతే ఒళ్ళు మండింది.

సరిగ్గా అప్పుడే తిరువళ్ళూరులో ఒక జవుళి దుకాణం యజమాని ఒక మాటన్నాడు. మామ డిజైన్లన్నీ తన దుకాణంలో తెర మీద కనబడి, నచ్చినదానికి అక్కడే ఆర్డరు పెట్టే వీలుంటే, బావ ఎన్ని చీరలు నేస్తే అన్నీ తనే తీసుకుంటానన్నాడు. బావ నా వైపు చూశాడు. నేను సరేనన్నాను. అనడానికేం, నోరు మనదే.

డాక్యుమెంట్ డేటాబేస్ ఎంచుకున్నాను. ఎందుకంటే చీరలు గడుల పట్టికలో ఇమడవు. ఒకదానికి రెండంచులు, ఒకదానికి అంచే లేదు, ఇంకోదాని కొంగులో రకరకాల బుటాలు. డాక్యుమెంట్ డేటాబేస్‌లో ఒక్కో చీర ఒక్కో డాక్యుమెంటు, దేనికి ఎన్ని వివరాలుంటే అన్నే. ప్రోగ్రాముకూ డేటాబేస్‌కూ మధ్య మాటలు మోసేది డ్రైవర్ లైబ్రరీ. డేటాబేస్ ఎక్కడుంది, ఏ పేరుతో లోపలికి పోవాలి అన్నది రాసిస్తే, అది పోయి తలుపు కొడుతుంది. అవతల పలికితే పని జరుగుతుంది. పలకకపోతే అర నిమిషం కాచుకుని, ఎవరూ లేరని తిరిగొస్తుంది. లేనిదాన్ని ఉన్నట్టు చెప్పడం దానికి చేతకాదు.

డేటాబేస్‌ను బయట ఏదైనా అద్దె సర్వర్‌లో పెడదామంటే అమ్మ ఒప్పుకోలేదు. డిజైన్ ఇల్లు దాటకూడదు కదా. అందుకని పాత కంప్యూటర్ ఒకదాన్ని మామ మగ్గం పక్కనే పెట్టి, డేటాబేస్‌ను అందులో ఉంచాను. దుకాణంలో ఏ బొమ్మా దాచుకునే వీలు లేకుండా ప్రోగ్రాము రాశాను. చూడాలంటే ప్రతిసారీ డ్రైవర్ మా ఇంటికి వచ్చి అడిగి తీసుకెళ్ళాల్సిందే.

చూపించే రోజు వచ్చింది. బావ కంపెనీలో చేరాల్సింది ఆ వచ్చే సోమవారం. ఇద్దరం పొద్దున్నే ఎలక్ట్రిక్ రైలెక్కి తిరువళ్ళూరులో దిగాం. దుకాణంలోని కంప్యూటర్‌లో ప్రోగ్రామును అప్పుడే కొత్తగా ఎక్కించి, నొక్కాను.

అర నిమిషం తర్వాత, సర్వర్ దొరకలేదని వచ్చింది. మళ్ళీ నొక్కాను. మళ్ళీ అదే. యజమాని గడియారం చూసి, మర్యాదగా కాఫీ తెప్పించాడు. అది సాగనంపే కాఫీ అని నాకు అర్థమైంది.

"పోనీలే పాపా," అన్నాడు బావ మెల్లగా. "నువ్వు మాత్రం ఏం చేస్తావు. నేను కంపెనీకే పోతా."

అతను కోప్పడి ఉంటే తట్టుకునేదాన్ని. ఆ మెత్తదనానికి ఏడుపొచ్చింది. పక్కకు తిరిగి అమ్మకు ఫోన్ చేశాను.

"అమ్మా, మగ్గం కాడ కంప్యూటరు నడస్తా ఉండాదా చూడు."

"పెరట్లో ఉండా. ఉండు, పోయి చూస్తా."

అమ్మ నడుస్తోంది. ఫోన్‌లో మగ్గం చప్పుడు వినిపించింది. పోగును మోసే నాడె ఇటు నుంచి అటు పోయే చప్పుడు, వెంటనే పోగును బిగించే దెబ్బ. మళ్ళీ నాడె, మళ్ళీ దెబ్బ. అమ్మ లోపలికి పోయేకొద్దీ అది దగ్గరైంది. ఎందుకో నాకు కొండంత ధైర్యం వచ్చింది. ఫోన్ చెవి దగ్గర పెట్టుకునే ఇంకో చేత్తో నొక్కాను.

తెర నిండా చీరలు పరుచుకున్నాయి.

నేను గట్టిగా అరిచాను. దుకాణంలో చీరలు బేరం చేస్తున్నవాళ్ళంతా తిరిగి చూశారు. అమ్మ సంగతే మరిచి ఫోన్ పెట్టేశాను. యజమాని కుర్చీ లాక్కుని దగ్గరికొచ్చాడు. ఆయనకు తెలుగు మాట్లాడడమే కానీ చదవడం రాదు. మామ పెట్టిన పేర్లు ఒక్కొక్కటీ నేను చదువుతుంటే ఆయన తల ఊపాడు. తిరుత్తణి మురుగన్ చేతి వేలాయుధం చూసి మామ గీసిన అంచు దగ్గర ఆగిపోయాడు.

"ఏమప్పా, ఇన్ని దినాలు యాడ దాచినారు దీన్ని?"

"ఇంట్లోనే అయ్యా," అన్నాడు బావ.

మొదటి ఆర్డరు యజమానే తన చేత్తో పెట్టాడు. డేటాబేస్‌లో చేరిందని డ్రైవర్ జవాబు తెచ్చింది. ప్రోగ్రాము మూసి బయటికొచ్చాం. బావ దుకాణం మెట్ల మీద నిలబడే కంపెనీకి ఫోన్ చేసి, రావడం లేదని చెప్పేశాడు. జిలేబీ కొనుక్కుని రైల్లోనే పొట్లం ఖాళీ చేశాం. నా జన్మలో అంత గొప్పగా ఏ రైలూ ఎక్కలేదు.

మా వీధి మలుపు తిరిగాక ఏదో తేడాగా అనిపించింది. ఒక్క మరమగ్గమూ మోగడం లేదు. అమ్మ గుమ్మంలోనే ఉంది. ఎందుకింత నిశ్శబ్దమని అడిగాను.

"కరెంటు యాడుండాది? పొద్దున మీరు పోయిన కొంచేపటికే తీసేసినారు. చెప్దామంటే నువ్వు ఫోను పెట్టేస్తివి గదా."

లైను పని కోసం నెలకొక రోజు పొద్దున తీసి సాయంత్రానికి ఇస్తారు. అన్నీ సరిచూసుకున్న నేను ఆ సంగతే మరిచాను. కంప్యూటర్ ఆరిపోయి ఉంది. దానికి పెట్టిన బ్యాటరీ పది నిమిషాలు కూడా ఆగేది కాదు.

అప్పుడు నాకు వెలిగింది. కరెంటు ఉంటే మా ఇంటి నుంచి ఫోన్‌లో చేతిమగ్గం చప్పుడు వినపడదు. మరమగ్గాల మోత దాన్ని మింగేస్తుంది. నేను విన్నది స్పష్టంగా ఒక్క మగ్గాన్నే. దాన్ని నడపగలిగే ఒక్క మనిషీ ఆ సమయానికి నా పక్కన నిలబడి ఉన్నాడు.

అమ్మనడిగాను. తనూ విన్నదట. గడప దాకా పోయేసరికి ఆగిపోయిందట.

"భయమెయ్యలేదా అమ్మా?"

"భయమెందుకే? మా అన్నే గదా."

సాయంత్రం కరెంటు వచ్చాక లాగ్ తెరిచాను. పొద్దున ఆగిపోయినట్టు ఒక వరుస, ఇప్పుడు లేచినట్టు ఇంకో వరుస. మధ్యలో ఏమీ లేదు. కానీ ఆర్డర్లలో వేలాయుధం అంచు చీర ఉంది. ప్రతి డాక్యుమెంటుకూ డ్రైవర్ ఒక గుర్తు ఇస్తుంది, అది పుట్టిన సమయం అందులోనే ఉంటుంది. విప్పి చూశాను. మేము దుకాణంలో ఉన్న సమయమే, ఇక్కడ కరెంటు లేని సమయమే.

చెన్నైలో నాతో పనిచేసే స్నేహితుడికి అంతా పంపాను. దుకాణంలో ఎక్కడో కాపీ ఉండి ఉంటుందన్నాడు. దాచుకునే వీలే నేను రాయలేదు. పోనీ బొమ్మలు దాగాయనుకున్నా, ఆర్డరు మా ఇంటికి ఎలా వచ్చింది? ప్రోగ్రాము నేనే మూసి వచ్చాను కదా. అయితే ఎవరికీ చెప్పకు అన్నాడు. చెబుతున్నాను.

ఆ తర్వాత కరెంటు తీసిన రోజుల్లోనూ, కావాలనే కంప్యూటర్ ఆపిన రోజుల్లోనూ డ్రైవర్‌ను పంపి చూశాను. అర నిమిషం కాచుకుని ఎవరూ లేరని తిరిగొస్తుంది. అలాగే రావాలి. డిజైన్ ఇల్లు దాటకూడదన్న మనిషే ఆ పూట దాటించాడని అమ్మ అంటుంది. నాకు తెలియదు. మగ్గం విప్పలేదు, నాకు అదే పండగ. ఇప్పుడు ఆర్డర్లకు బావ ఒక్కడి చేతులు చాలడం లేదు.

ఇవాళ మళ్ళీ కరెంటు తీశారు. మరమగ్గాలు ఆగాయి. ఇది రాస్తుంటే ముందు గదిలో మామ మగ్గం చప్పుడు వినిపిస్తోంది. లేచి వెళ్ళి చూసొచ్చాను. బావే.