ఆవాల తిత్తి

మెడలో కొలత టేపు తీయకుండానే ఆమె కూరలకు వెళ్లేది, బ్యాంకుకు వెళ్లేది, ఒకసారి ఎవరిదో పెళ్లికి కూడా అలాగే వెళ్లింది. దాంతో వీధి వీధంతా ఆమెను టేపక్క అనే పిలిచేది. మూడంతస్తుల ఇంటి మెట్ల కింద ఆమె కుట్టుకొట్టు, దాని వెనకాలే ఒంటి గది. తల్లి పోయింది. చెల్లెలు పెళ్లి చేసుకుని వేరే ఊరు వెళ్లిపోయింది. నీకెందుకు పెళ్లి కాలేదని ఎవరైనా అడిగితే, "కొలతలు కుదరలేదు" అనేసేది. మాటలో ఎవరూ ఆమెతో గెలిచేవారు కాదు.

నలభై దాటిన కొన్నాళ్లకు ఎడమ రొమ్ములో గడ్డ తగిలింది. పెద్దాసుపత్రిలో డాక్టరమ్మ పరీక్షలన్నీ చేయించి, రొమ్ము తీసేయక తప్పదంది. టేపక్క చెల్లెలికి ఫోను చేసి, "కడుపులో రాళ్లటే. తీసేస్తారట, ఏముంది" అని చెప్పింది. వస్తానని చెల్లెలు పట్టుబడితే, "పిల్లల పరీక్షలు వదిలేసి నా రాళ్లు ఏరడానికి వస్తావా?" అని నవ్వించి ఆపేసింది.

వార్డులో పక్క మంచాల వాళ్లకు ఇళ్ల నుంచి క్యారేజీలు వచ్చేవి. ఆమె మంచం దగ్గరికి వచ్చేది మందుల బండి ఒక్కటే.

ఇంటికి రాగానే చేసిన మొదటి పని, కొట్లోని నిలువుటద్దం మీద దుప్పటి కప్పడం. అడిగినవాళ్లకు పగిలిందని చెప్పింది. ఆడవాళ్ల బట్టలు కుట్టడం మానేసింది. కర్టెన్లు, దిండు గలీబులు, ప్యాంట్ల అంచులు. ఎదురుగా మనిషి నిలబడక్కర్లేని పనులే ఒప్పుకునేది. ఆమె నోరు మూగబోయేసరికి కబుర్ల కోసం వచ్చేవాళ్లూ తగ్గిపోయారు. పొద్దుటి నుంచి ఎవరితోనూ ఒక్క మాటా ఆడలేదని ఏ సాయంత్రమో గుర్తొచ్చి, గొంతు ఉందో లేదో చూసుకుంటున్నట్టు ఒకసారి దగ్గేది.

ఇది చాలదన్నట్టు ఒంటికి మరో చిక్కు వచ్చిపడింది. ఒకవైపు బరువు పోవడంతో ఎడమ భుజం పైకి లేచింది. ఏది తొడుక్కున్నా పక్కకు లాగేది. మెత్తని గుడ్డతో గుండ్రంగా తిత్తి కుట్టి, దూది కూరి పెట్టుకుంది. దూదికి బరువేముంటుంది? చెయ్యెత్తితే చాలు, తిత్తి మెడ దాకా ఎగబాకేది. "నీక్కూడా నా దగ్గర ఉండబుద్ధి కావట్లేదా?" అని దాన్ని తిట్టిపోసింది. ఏవేవో గింజలు పోసి చూసి, చివరికి దూది మధ్యలో ఆవాలు పోసింది. నున్నటి గింజలు ఒంటి వాలుకు తగ్గట్టు సర్దుకున్నాయి. ఉతికేటప్పుడు తీసేయడానికి వెనక చిన్న మూతి పెట్టింది. తిత్తి కదలకుండా లోదుస్తుకు లోపలివైపు జేబు కుట్టింది. నెమ్మదిగా భుజం దిగింది. ఆ సంతోషం చెప్పుకోవడానికి మాత్రం మనిషి లేదు.

ఒక మధ్యాహ్నం వీధి చివర ఉండే లెక్కల టీచరు వచ్చింది. చేతిసంచిని గుండెలకు హత్తుకుని ఉంది.

"ఈ బట్టలన్నీ వదులు చెయ్యాలి."

"ఎంత వదులు?"

"ఎంత వీలైతే అంత. గోనెసంచిలా ఉన్నా ఫర్వాలేదు."

"కొలత తీసుకోవాలి కదా, టీచరుగారూ."

టీచరు ఒకడుగు వెనక్కి వేసింది. "చూడకుండా కుట్టలేవా?"

ఆ మాటతో టేపక్కకు అంతా తెలిసిపోయింది. టీచరు భుజం ఒకటి పైకి ఉండటం అప్పుడు చూసింది. చెబుదామనుకుంది. "గురువారం రండి" అని మాత్రం అనగలిగింది.

తర్వాత ఆ బట్టలు ముందేసుకుని కూర్చుందే గాని కుట్టు విప్పలేకపోయింది. తను నోరు విప్పకపోతే ఈవిడ జన్మంతా గోనెసంచుల్లోనే తిరుగుతుంది. విప్పితే రేపటి నుంచి వీధంతా తన గుండెకేసే చూస్తుంది. అటూ ఇటూ కొట్టుకుని, కొట్టుకుని, ఆఖరికి బట్టలు పక్కన పెట్టేసి, కంటి అంచనాతోనే ఒక తిత్తి కుట్టింది.

గురువారం టీచరు వచ్చి, "అయ్యాయా?" అంది.

"కాలేదండీ."

"మరి రమ్మన్నావెందుకు?"

టేపక్క తలుపు గడియ పెట్టింది. అద్దం మీది దుప్పటి లాగేసింది. "నాకు కడుపులో రాళ్లని అందరికీ చెప్పాను. అబద్ధం" అంటూ గుండీలు తీసింది. ఒక గుండీ ఎంతకీ రాలేదు. టీచరు, బడిలో హాజరు పలికినట్టు, "నాది కుడివైపు" అంది.

కొత్త తిత్తి చేతిలోకి తీసుకుని బరువు చూసింది. "ఇందులో ఏముంది?"

"ఆవాలు."

"ఆవాలా!"

"భయపడకండి. ఎంత ఎండలో తిరిగినా చిటపటలాడవు."

టీచరు పకపకా నవ్వింది. ఆ నవ్వులోనే ఏడుపు వచ్చేసింది. టేపక్క ఓదార్చలేదు. పక్కన నిలబడి జేబు ఎక్కడ కుట్టాలో గుర్తు పెట్టుకుంది.

టీచరు ఈ సంగతి ఆసుపత్రి నర్సుకు చెప్పింది. వార్డుకు రమ్మని నర్సు కబురు పంపింది. మొదటి ఆదివారం టేపక్క వార్డు గుమ్మం దాకా వెళ్లి, ఆ మందుల వాసనకే వెనక్కి వచ్చేసింది. మరుసటి వారం కుట్టిన తిత్తులతో లోపలికి వెళ్లింది. ఒక ముసలామె ముఖం గోడవైపు తిప్పుకుని, "ఈ వయసులో నన్నెవరు చూస్తారే?" అంది. "మీరు చూసుకుంటారు కదా, పెద్దమ్మా" అంది టేపక్క. అయినా ఆమె తిత్తి తీసుకోలేదు. పక్క మంచం మీది అమ్మాయి మాత్రం, "నొప్పి ఎప్పటికైనా పోతుందా అక్కా?" అని అడిగింది. జవాబుగా టేపక్క గుండీలు తీసి తన మచ్చ చూపించింది. ఎన్నిసార్లు చూపించినా ఆ పని ఆమెకు అలవాటు కాలేదు. ప్రతిసారీ ఒక్క క్షణం కళ్లు మూసుకునేది.

చెల్లెలికి చెప్పడం అన్నిటికంటే కష్టమైంది.

"రాళ్లు కాదే" అని మొదలుపెట్టి అంతా చెప్పింది.

"ఒక్కదానివే వెళ్లావా అక్కా?"

"వార్డు ఆయా ఉందిగా."

"ఆయా నీ చెల్లెలా?"

చెల్లెలు వచ్చి కొన్నాళ్లుండి, చాకిరీ చేసి, తిట్టి, ఏడ్చి వెళ్లింది. గది మళ్లీ మామూలైంది.

కొట్టుకు ఆడవాళ్లు మళ్లీ రావడం మొదలుపెట్టారు. తిత్తి కుట్టించుకున్నవాళ్లు మాత్రం రారు. దారిలో ఎదురైనా పలకరించరు. ఆమెతో మాట్లాడితే తమ సంగతి నలుగురికీ తెలిసిపోతుందని భయం. పలకరించేది టీచరు ఒక్కతే. ఆమెకూ వేరే ఊరు బదిలీ అయింది. మిగతావాళ్లు ముఖం తిప్పుకుంటే మొదట్లో టేపక్క మనసు చివుక్కుమనేది. ఒకరోజు బస్టాపులో, వార్డులో నొప్పి గురించి అడిగిన అమ్మాయి కనిపించింది. ఆఫీసు స్నేహితురాళ్లతో నవ్వుతూ నిలబడి ఉంది, భుజాలు రెండూ సమంగా. టేపక్కను చూడగానే ఆ అమ్మాయి ముఖం పాలిపోయింది. టేపక్క చటుక్కున పక్కనున్న దుకాణం వైపు తిరిగి, వేలాడుతున్న ప్లాస్టిక్ బకెట్లు చూడసాగింది.

"ఏం కావాలమ్మా?" అన్నాడు దుకాణం అతను.

"ఏం వద్దు బాబూ, చూస్తున్నా."

వెనకాల బస్సు వచ్చి ఆగింది. అది ఆమె ఎక్కాల్సిన బస్సే. ఆ నవ్వులన్నీ ఎక్కేదాకా, బస్సు కదిలి మలుపు తిరిగేదాకా, ఆమె ఆ బకెట్లనే చూస్తూ నిలబడింది.