రజియక్క వసారాలో రంపం మిషన్లు

జామాయిల్ కర్ర కోసిన పొట్టు వానకు తడిసి, అందులో పెట్రోలు, ఇంజను ఆయిలు కలిస్తే ఒక ఘాటైన వాసన వస్తుంది. ఈ ఉదయం బూర్గంపాడు నుంచి ఒకాయన తెచ్చి మా వసారాలో దించిన పాత రంపం మిషను మూత విప్పగానే ఆ వాసనే వచ్చింది. వెంటనే రజియక్క గుర్తొచ్చింది. చెట్లు కోసే ఈ మిషన్లను ఇంట్లోనే కూర్చుని బాగుచేయడం నాకు నేర్పింది ఆమే.

రజియక్క ఇల్లు మా వీధిలోనే. ఆమె భర్త సారపాకలో రిపేరు షాపు నడిపేవాడు. ఆయన పోయాక షాపు ఖాళీ చేసి, సామాను మొత్తం ఇంటి వసారాలోకి తెచ్చుకుని తనే పని మొదలుపెట్టింది. ఆడమనిషి స్పానరు పట్టిందని నవ్విన వాళ్లు కూడా జామాయిల్ తోటల కోతలు మొదలయ్యేసరికి ఆమె గడపలోనే నిలబడేవారు.

నేను మొదటిసారి ఆమె దగ్గరికి వెళ్లింది కోపంతో. జామాయిల్ తోటలో జారిపడి మా ఆయన కాలు విరిగి మంచాన ఉన్నాడు. తోట సగం కోసి ఉంది. మిగతాది నేనే కోద్దామంటే మా మిషను స్టార్టు కాదు. స్టార్టు చేసే తాడు లాగీ లాగీ భుజం వాచింది. మిషను ఆమె ముందు దించి, “ఇది చచ్చిపోయిందక్కా, పాత ఇనుము కింద అమ్మేస్త” అన్నాను.

“చచ్చిందని నీకెవరు చెప్పిండ్రు మణీ?” అంటూ ఆమె స్పార్కు ప్లగ్గు విప్పి నా అరచేతిలో పెట్టింది. “తడిగుందా, పొడిగుందా?”

“పొడిగుంది.”

“అంటే పెట్రోలు అందుతలేదు. ఇగ ట్యాంకు నుంచి దారి పట్టుకొని రా.”

దారి పట్టుకుని వెళితే, ట్యాంకులో ఉన్న రబ్బరు పైపు ఎండి బీటలు వారి ఉంది. కొత్త పైపు వేశాక మిషను రెండు లాగులకే అందుకుంది. నేను లేవబోతుంటే నా చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది. “రేపు మళ్ల ఆగుతది. ఆగినప్పుడల్లా నా దగ్గరికి ఉరుకుతవా? నేర్చుకో.”

అలా వంట పని అయ్యాక మధ్యాహ్నాలు ఆమె వసారాలో గడిచాయి. ఆ మధ్యాహ్నాల్లో ఆమె నాతో కోపంగా మాట్లాడింది ఒక్కసారే. ప్లగ్గు టోపీ పీకితేనే మిషను పొరపాటున తిరగదు; అది పీకకుండా నేను రంపం చైను మీద చెయ్యి వేశాను. ఆమె తన ఎడమ చెయ్యి నా మొహం ముందు పెట్టింది. చూపుడు వేలు సగమే ఉంది. “నేను చైను తుడుస్తున్న. మా ఆయన చూడక తాడు లాగిండు. ఆయన పోయేదాంక ఆ బాధతోనే ఉన్నడు. నీ ఇంట్ల గిట్ల కావొద్దు,” అంది. నేను ప్లగ్గు టోపీ పీకి పక్కన పెట్టాకే మళ్లీ చైను ముట్టాను.

మరుసటి ఎండాకాలం ఒక సాయంత్రం గాలివాన వచ్చి ఊరి చివర పెద్ద చింతచెట్టు దారికి అడ్డంగా కూలింది. అవతలి గూడెం నుంచి నొప్పులు పడుతున్న అమ్మాయితో భద్రాచలం దవాఖానాకు బయలుదేరిన ఆటో చెట్టు వెనక ఆగిపోయింది. మరో దారి లేదు. నేను మా ఆయన చొక్కా తొడుక్కుని మిషనుతో పరుగెత్తాను. నా వెనకే వచ్చిన రజియక్క కొమ్మల సందులోంచి దూరి నేరుగా ఆటోలోకి ఎక్కింది. “నేను ఈ పిల్లను పట్టుకుంట. మిషను నువ్వు చూస్కో.”

కాసేపు కోసి మిషను ఆగింది. మళ్లీ లాగితే అందుకుంది, మళ్లీ ఆగింది. “సారపాక నుంచి ఇంకోటి తెప్పిద్దాం” అన్నారెవరో. ఆటోలో అమ్మాయి అరుపు వినలేక నేను రజియక్క వైపు చూశాను.

“నన్ను చూస్తవేంది? మిషన్ను చూడు!” అని అరిచింది.

కూర్చున్నాను. ప్లగ్గు పొడిగా ఉంది. పైపు కొత్తదే. ట్యాంకు మూత తిప్పాను. సుయ్‌మని గాలి లోపలికి దూసుకుపోయింది. అప్పుడు అర్థమైంది: మూతకున్న సన్నటి రంధ్రం పొట్టుతో పూడిపోయింది. లోపలికి గాలి వెళ్లక పెట్రోలు బయటికి రావడం లేదు. పుస్తెలతాడుకు ఉన్న పిన్నీసు తీసి రంధ్రం శుభ్రం చేసి, మూత బిగించి తాడు లాగాను. ఈసారి ఆగలేదు. నేను కోస్తుంటే మగవాళ్లు దుంగలు పక్కకు దొర్లించారు. దారి తెరుచుకోగానే ఆటో రజియక్కతో సహా భద్రాచలం వైపు వెళ్లిపోయింది.

మర్నాడు రజియక్క భద్రాచలం నుంచి తిరిగొచ్చింది. “ఆడపిల్ల. తల్లీబిడ్డా మంచిగున్నరు,” అంది. మిషనుకు ఏమైందో అడిగి, నేను చెప్పింది విని తల ఊపింది. ఆ పూట తన దగ్గరికి రిపేరుకు మిషను తెచ్చిన మనిషితో మాత్రం, “మణి ఇంటికి తీస్కపో, ఆమె చూస్తది,” అని పంపించింది.

రజియక్క పోయి కొన్నేళ్లయింది. మా ఆయన కాలు పూర్తిగా సరికాలేదు. ఇంటి బరువు చాలావరకు నా మీదే పడింది. ఏదైనా ఆగిపోయినప్పుడు నాకు ఇప్పటికీ భయం వేస్తుంది. కానీ ఎవరైనా వస్తారేమోనని చుట్టూ చూడను. దాని ఎదుట కూర్చుని, భయం పోయేదాకా ఆగకుండానే, పని మొదలుపెడతాను.