నస్తరన్ అభ్యంతరాలు

మజార్ నగరంలో నస్తరన్ ఆడవాళ్లకు కారు నడపడం నేర్పేది. తాలిబాన్లు వచ్చాక ఆ బడి మూతపడింది, బెదిరింపులు మొదలయ్యాయి. తల్లిని వెంటబెట్టుకుని దేశం దాటి బిష్కెక్ చేరి, మా పై అంతస్తులో గది తీసుకుంది. ఆశ్రయం కోరుతూ పెట్టిన అర్జీని అధికారులు కొట్టేశారు. ప్రమాదం ఆమెకే ప్రత్యేకంగా ఉన్నట్టు కనబడలేదట.

"కోర్టుకెళ్దాం. కానీ నీ కథ నువ్వే చెప్పాలి. దుబాసీ తప్పు చెబితే అక్కడికక్కడే ఆపే హక్కు నీకుంది," అంది ఉచితంగా కేసులు చూసే లాయరమ్మ బెర్మెత్.

ఇంకేం, మా వంటింట్లోనే కోర్టు వెలిసింది. నల్ల శాలువా కప్పుకున్న మా పల్వాషా పిన్ని జడ్జి. నేను దుబాసీని, అదీ కావాలని తప్పులు చెప్పే దుబాసీని.

"ఈవిడ మజార్‌లో గాడిదలు తోలేదండీ."

"అభ్యంతరం!" నస్తరన్ గరిటె ఎత్తేది.

"ముద్దాయిగారూ, ముందు ఆ బొలానీ రొట్టె తిరగెయ్యండి, మాడిపోతోంది!"

"నేను ముద్దాయిని కాదు పిన్నీ, అర్జీదారుని!"

నవ్వలేక పొట్టలు పట్టుకునేవాళ్లం.

అసలు కోర్టులో దుబాసీ పాపం అలిసిపోయి ఉన్నాడు. "ఈవిడ ఆడవాళ్లని కార్లో తిప్పేది," అన్నాడు రష్యన్‌లో.

"అభ్యంతరం! తిప్పలేదు, నేర్పాను. రికార్డులో రాయండి," అంది నస్తరన్. ఆ పాటి రష్యన్ ఆమెకు అప్పటికే వచ్చు.

జడ్జి రాయించింది. నస్తరన్‌కు హుషారొచ్చేసింది. ఆ తర్వాతి మాటకూ "అభ్యంతరం!" అంది.

"ఇప్పుడేం తప్పు చెప్పాడమ్మా?"

నస్తరన్ ఒక్క క్షణం ఆలోచించింది. "ఏం లేదండీ. సరిగ్గానే చెప్పాడు. అలవాటైపోయింది."

ముందుగా నవ్వింది దుబాసీయే. నా పక్కన కూర్చున్న పిన్ని నవ్వు ఆపుకోడానికి ముసుగు నోట్లో కుక్కుకుంది.

"సరే, ప్రమాదం మీకే అని ఎలా అంటున్నారు?" జడ్జి అడిగింది.

"నా దగ్గర నేర్చుకున్న అమ్మాయిల్ని పట్టుకుని నా పేరు చెప్పించారు. మా గుమ్మంలో నిలబడి ఆ పేరుతోనే పిలిచారు. నేను వెనక గోడ దూకాను."

ఎవరూ నవ్వలేదు.

కోర్టు ఆ తిరస్కరణను రద్దు చేసి, అర్జీని మళ్లీ విచారించమని అధికారులకు చెప్పింది. వసంతంలో ఆశ్రయం దొరికింది.

"అయితే ఇంక మనల్ని పంపెయ్యరా?" తల్లి మళ్లీ మళ్లీ అడిగింది.

"పంపరమ్మా, పంపరు!"

ఆ ముసలమ్మ చప్పట్లు కొడుతూ మెట్ల మీదే ఆడడం మొదలుపెట్టింది. మేమూ కలిశాం. కింది వాటా వెరోనికా ఏమిటీ గోలంటూ చీపురుతో పైకొచ్చింది. సంగతి విని, చీపురు పట్టుకునే మాతో పాటు గిర్రున తిరిగింది.