తొమ్మిదింటి మబ్బు

మొన్న అద్దంకి బస్సులో కిటికీ పక్కన కూర్చున్నాను. సాయంత్రం మబ్బు పట్టి గాలి లేచింది. కల్లాల్లో ఎండుతున్న మిరపకాయల ఘాటు బస్సులోకి దూరి అందరినీ తుమ్మించింది. నా కళ్ళు మాత్రం మరీ ఎక్కువ తడిశాయి. పక్కావిడ ఘాటుకే అనుకుని మంచినీళ్ళ సీసా ఇచ్చింది. నాకు ఖాసిం బాబాయ్ గుర్తొచ్చాడు.

రెండు వేల సంవత్సరం దాటిన తొలి ఏళ్ళవి. మా ఊళ్ళో ఆయన టార్పాలిన్ పట్టాలు కుట్టేవాడు. పట్టా ఉంటే చాలదు, కప్పే వేళ తెలియాలి అనేవాడు. కల్లంలో పరిచిన కాయను కుప్ప చేసి కప్పాలంటే ఇంటిల్లిపాదికీ గంట పని. తీరా వాన రాకపోతే ఆ పూట ఎండ దండగ. అందుకని పడమట మబ్బు కనిపిస్తే చాలు, కుట్టు మిషన్ ఆపి మోపెడ్ మీద దానికి ఎదురెళ్ళేవాడు. ఎటు కదులుతోందో చూసి, దారిలో ఏదో కొట్టు కాయిన్ బాక్స్ నుంచి ఊరికి ఫోన్ చేసేవాడు. ఒక ఏడు పక్కనే తాటిచెట్టు మీద పిడుగు పడి ఎడమ చెవి పోయింది. పిన్ని తిట్టని తిట్టు లేదు. ఆ తిట్లు ఎడమ వైపు నుంచి వినేవాడు.

అప్పుడే పాలకేంద్రం పక్క గదిలో ఇంటర్నెట్ కేంద్రం పెట్టారు. టెలిఫోన్ తీగ మీద అది నిలవదని డాబా మీద పెద్ద తెల్ల డిష్ బిగించారు. డిగ్రీ, కంప్యూటర్ కోర్సు చేసిన నేను ఆపరేటర్‌ని. ఊళ్ళో నా అంత తెలిసినవాళ్ళు లేరని నా గట్టి నమ్మకం. ఉపగ్రహం తీసిన మబ్బుల ఫోటో తెరిచి చూపిస్తే బాబాయ్ కుర్చీ తెర దగ్గరికి లాక్కున్నాడు.

"ఇన్నేళ్ళూ మబ్బు కడుపే చూశానమ్మాయ్. వీపు ఇప్పుడు చూస్తున్నా," అన్నాడు.

ఇక ఆ ఫోటో చూడకుండా బయల్దేరేవాడు కాదు. సగం దారిలో ఫోన్ చేసి, మబ్బు ఎటుందో అడిగేవాడు. వెనక ఇంకొకటి వస్తోందని చెప్పి ఆయన్ను రెండుమూడుసార్లు తిప్పి పంపించాను. పిన్ని నాకు సేమ్యా పాయసం పంపింది.

ఒక రోజు మేము రోజూ చూసే పేజీ తెరుచుకోలేదు. వేరే దేశం వాళ్ళది తెరిచాను. మధ్యాహ్నం మూడింటికి బాబాయ్ ఫోన్ చేశాడు. ఫోటోలో వినుకొండ వైపు దట్టంగా మబ్బు ఉంది, కింద గంట మాత్రం తొమ్మిది అని ఉంది. పొద్దుటి ఫోటో, ఈపాటికి చెదిరిపోయి ఉంటుంది అనుకున్నాను. పొద్దున తొమ్మిదింటికి ఆకాశంలో మబ్బు తునక లేదే అని అనుమానం వచ్చింది. కానీ తెలియదని చెప్పడానికి నామోషీ. ఏం భయం లేదు బాబాయ్, వెళ్ళు అన్నాను. కల్లాలకూ అదే కబురు పంపాను.

మూడున్నరకు ఫోటో మారింది. గంట తొమ్మిదిన్నర అయింది. అప్పుడు వెలిగింది, అది లండన్ గంట, మనకంటే ఐదున్నర గంటలు వెనక. ఫోటో మాదాకా రావడానికి ఓ అరగంట పట్టినా, ఆ మబ్బు ఇప్పటిదే. కాయిన్ బాక్స్ కొట్టుకు ఫోన్ చేస్తే, ఆయన వెళ్ళిపోయాడమ్మా అన్నారు. బయట ఉరుములు మొదలయ్యాయి. తర్వాతి గంటన్నర నేనెలా గడిపానో నాకే తెలియదు.

ఆయన తడిసి ముద్దై, మోపెడ్ నెట్టుకుంటూ వచ్చాడు. పిడుగులకు పొలం గట్టు కింద ముడుచుకుని పడుకున్నాడట. నేను ఏడుస్తూ అనుమానం సంగతితో సహా అంతా చెప్పేశాను.

"నా బాధ నువ్వు తప్పు చదివినందుకు కాదమ్మాయ్. అనుమానం వచ్చిందన్నావు చూడు, అది నాకెందుకు చెప్పలేదు? తెలీదంటే అక్కడే కొట్టు పక్కన బడి వరండాలో ఆగేవాణ్ణి కదా."

కల్లాల్లో కాయ తడిసింది. నేను ఇంట్లో దాక్కోవాలనుకున్నాను. పద, నేనూ వస్తా అని ఆయన నా వెంట నడిచాడు. ప్రతి కల్లం దగ్గరా తప్పు నాదని నేనే చెప్పాను. డిష్ పీకి బావిలో పడెయ్యమని ఒకాయన అరిచాడు. బాబాయ్ నన్ను వెనకేసుకు రాలేదు, పక్కన మాత్రం నిలబడ్డాడు. తర్వాత వాళ్ళతో కలిసి తడిసిన కాయ తిరగబోశాడు, నేనూ ఓ చెయ్యి వేశాను.

మర్నాడు మళ్ళీ మబ్బు పట్టింది, ఫోన్ మోగింది. ఆయన మళ్ళీ నన్నే అడుగుతాడని నేననుకోలేదు. ఈ ఫోటో తీసి అరగంటయింది బాబాయ్, ఆ తర్వాత ఏమైందో నాకు తెలియదు అన్నాను. అయితే వస్తున్నా అన్నాడు. ఉరుము వినబడేసరికి పొడిబట్టలతో మా గది గుమ్మంలో ఉన్నాడు.

బాబాయ్ చాలా ఏళ్ళ తర్వాత, తన మంచం మీదే, పిన్ని పక్కనుండగా పోయాడు. నేనిప్పుడు బడిలో లెక్కలు చెబుతున్నాను. పిల్లలు అడిగినదానికి జవాబు రాకపోతే తెలియదనే అంటాను. తోటి టీచర్లు నవ్వుతారు. ఆ ఒక్క మాట విని ఒక మనిషి మోపెడ్ వెనక్కి తిప్పుకుని ఇంటికి రావడం నేను చూశాను, ఇంక సిగ్గెందుకు?