పత్తి చేలో నా గడి

మొన్న మావారితో కలిసి ఒంగోలు నుంచి గుంటూరు వెళుతూ మార్టూరు దాటాక టీ కోసం ఆగితే, రోడ్డు పక్క మిరప చేలో ఒక అమ్మాయి సెల్‌ఫోను చేత్తో పట్టుకుని, తల ఎత్తకుండా దాని వంకే చూస్తూ నాలుగడుగులు ముందుకీ రెండడుగులు పక్కకీ వేస్తూ కనిపించింది. పాపం సిగ్నల్ కోసం వెతుక్కుంటోంది కాబోలు అన్నారు మావారు. కాదని నాకు ఆ నడకలోనే తెలిసిపోయింది. ఫోను ఆగమన్న చోట ఆగి, ఎప్పుడో పాతిపెట్టిన నాలుగు చువ్వలూ వాటి చుట్టూ కట్టిన తాడూ సరిచూసుకుని, ఆ తాడు లోపలి పండు కాయలు మాత్రం కోసి సంచిలో వేసుకోవడం మొదలుపెట్టింది. చేనంతటి దిగుబడి ఎంతో ఆ కాసిని మొక్కలే చెప్పాలి. పంట కోత ప్రయోగం అంటారు దాన్ని. నా టీ చల్లారిపోయింది గానీ నేను అక్కణ్ణించి కదల్లేకపోయాను. పాతికేళ్ల కిందట అలాంటి గడి చుట్టూనే నా బతుకంతా ఒక ఏడాది తిరిగింది మరి.

తొంభైల చివర్లో గణాంక శాస్త్రంలో డాక్టరేటు కోసం పరిశోధన అంటే ఎలా ఉండేదో నా ఈడు వాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. చెప్పులు బయట విప్పి లోపలికి వెళ్లాల్సిన చల్లటి కంప్యూటరు గది ఒకటీ, సరిగ్గా మన వంతు వచ్చేసరికి పోయే కరెంటూ, చేతిరుమాల్లో చుట్టి పిల్లల్ని కాచుకున్నట్టు కాచుకునే ఫ్లాపీలూ, ఒక్క వ్యాసం జిరాక్సు కోసం హైదరాబాదు వెళ్లేవాళ్లను బతిమాలుకోవడమూ. చుట్టాల్లో ఎవరు ఎదురుపడ్డా, లెక్కల్లో ఇంకా కనిపెట్టడానికి ఏం మిగిలిందమ్మా అని అడిగేవాళ్లు. ఉన్న లెక్కలకే జవాబులు రాక పిల్లలు చస్తుంటే కొత్తవి ఎందుకని మా నాన్న వంత పాడేవాడు, తాను మిషన్ బళ్లో లెక్కల మాస్టారై ఉండి కూడా. నవ్వేసేదాన్ని గానీ లోపల భయంగానే ఉండేది. ఒంగోల్లో జూనియర్ కాలేజీలో పాఠాలు చెప్పుకుంటూ, సెలవు దొరికినప్పుడల్లా గుంటూరు బస్సెక్కి పరిగెడుతూ చేసే పరిశోధన అది. రిజిస్ట్రేషను గడువు అప్పటికే ఒకసారి పొడిగించారు, మళ్లీ పొడిగించరు. మా గైడుగారు ఆ వేసవిలో రిటైరవుతున్నారు, ఆయన వెళ్లిపోతే నా అంశాన్ని పట్టించుకునే నాథుడు లేడు. పత్తి చూస్తే ఏడాదికి ఒకసారే పండుతుంది. ఆ ఒక్క పంటలో అంకెలు చేతికి రాకపోతే నా అన్నేళ్ల చదువూ గాలికి పోయినట్టే.

నా పని ఏమిటంటే, మండలం మొత్తం మీద పత్తి ఎంత పండుతుందో కొద్దిపాటి చేలు చూసి అంచనా కట్టే పద్ధతి ఒకటి తయారుచేయడం. ఏ చేను చూడాలో, ఆ చేలో ఏ మూల చూడాలో మన ఇష్టం కాదు. ఏ వరసా లేకుండా అచ్చువేసిన అంకెల పట్టిక తెరిచి, అందులో వచ్చిన అంకె ప్రకారం గట్టు మీంచి అన్ని అడుగులు వేసి, కాలు ఆగిన చోటే గూటాలు దిగ్గొట్టి గడి గీయాలి. అక్కడ చవుడున్నా సరే, మొక్క గిడసబారినా సరే. కంటికి బాగున్న చోటు ఎంచుకున్నామా, లెక్క మొత్తం అబద్ధమైపోతుంది. పైగా పత్తి ఒక్కసారి తీస్తే అయిపోయేది కాదు గనక, ఆ గడిని చివరిదాకా ఉంచి, ప్రతి తీతకూ నేనే వెళ్లి అందులో పత్తి తీసి తూచుకోవాలి. రైతులకు నేను చెప్పిందల్లా, ఈ తాడు లోపల పత్తి మీరు తీయకండి, ఇది నా చదువుకు సంబంధించింది అని.

మా మేనత్తవాళ్ల ఊరు ఆ మండలంలోనే ఉండడంతో మకాం అక్కడే పెట్టాను. పట్టికలో పడిన చేలల్లో ఒకటి అత్త ఎదురింటివాళ్లు కౌలుకు చేస్తున్నది. వరస కలుపుకుని ఆయన్ని బాబాయి అనీ ఆవిణ్ణి పిన్ని అనీ పిలిచేదాన్ని. సాగరు కాలవ చిట్టచివరి భూమి వాళ్లది, నీళ్లు పేరుకే గానీ అంతదాకా వచ్చింది తక్కువ. నల్లరేగట్లో నేను అడుగులు లెక్కపెట్టుకుంటూ నడుస్తుంటే బాబాయి గట్టు మీద కూర్చుని, కొంగ కూడా ఇంత ఆలోచించి అడుగెయ్యదని తెగ నవ్వాడు. తీరా గడి ఉత్తర దిక్కున నిస్సారమైన మూల పడేసరికి పిన్నికి ప్రాణం ఉసూరుమంది. ఇంత చేను ఉండగా నీకీ పాడు మూలే దొరికిందా, ఇటు దొండపాదు పక్కన చేను ఏపుగా ఉంది, ఇక్కడ పెట్టుకో అని చెయ్యి పట్టుకు లాగింది. కుదరదు పిన్నీ అని నేను మొండికేస్తే, ఆ ఆదివారం చర్చిలో ప్రార్థన మనవులు చెప్పే వేళ లేచి నిలబడి, మా అమ్మాయి గడి కోసం అందరూ ప్రార్థన చెయ్యండి అని అడిగిందట. మేనత్త వచ్చి ఆ మాట చెబితే పొట్ట పట్టుకుని నవ్వాను. ఆ నవ్వు ఇప్పటికీ నాకు బాగా గుర్తుంది.

మొదటి తీతకు గడులన్నీ బాగానే తూగాయి. ఆ పట్టీ చూసి గైడుగారు, ఏమ్మా గట్టెక్కినట్టేనా అన్నారు, ఆయన నోట అంతకు మించిన మెప్పు ఎవరూ వినలేదు. ఆ తరవాతే పచ్చపురుగు విరుచుకుపడింది. ఏ మందు కొట్టినా చావని పురుగు. ఒక మందు కాకపోతే ఇంకోటి, అదీ కాకపోతే రెండూ కలిపి, వీపు మీద పంపులు దించకుండా కొట్టారు జనం. కాలేజీలో పరీక్షల హడావుడి వల్ల నేను మళ్లీ ఊళ్లోకి వచ్చేసరికి రెండో తీత వేళైంది. బస్సు దిగి చేల వెంట నడిచాను. ఎక్కడ చూసినా బొక్కలు పడిన కాయలు, రాలిన గూడ మొగ్గలు, ఎర్రబారి వాలిపోయిన మొక్కలు. బాబాయి చేను కూడా అంతే. అయితే ఆ చచ్చిన చేలో, ఉత్తరపు మూల, నా తాడు లోపల మాత్రం మొక్కలు గుబురుగా పచ్చగా నిలబడి, తెల్లగా విచ్చుకున్న పత్తితో కళకళలాడుతున్నాయి. తాడుకు ఇవతల నేల బీటలు వారింది, అవతల తడిగా ఉంది. అందులో గొంతుక్కూర్చుని పిన్ని ఒక్కొక్క కాయా తిప్పి చూస్తూ, పురుగుల్ని చేత్తో ఏరి కిరసనాయిలు డబ్బాలో వేస్తోంది. పక్కన ఖాళీ బిందె.

నన్ను చూసి ఆవిడ ముఖం విప్పారింది.

"వచ్చావా అమ్మా? మందుకి చావట్లేదని రోజూ ఏరుతున్నాం. చేనంతా ఏరడం మా తరమా? నీదన్నా నిలబడాలిగా."

వాగు నుంచి బిందెలతో నీళ్లు మోసి పోస్తున్నారట. చేను చేజారిపోయాక కూడా, కొట్టగా మిగిలిన ఆఖరి మందు బాబాయి నా గడికే కొట్టాడట. నేను గట్టు మీద కూలబడి ఏడ్చేశాను. సంతోషంతో ఏడుస్తున్నాననుకున్నారు పాపం ఇద్దరూ. పత్తి ఎంత తూగితే నాకు అన్ని మార్కులు వేస్తారని వాళ్లు అనుకున్నారు. చదువంటే పరీక్ష, పరీక్షంటే మార్కులు, మార్కులంటే ఎక్కువ రావాలి. ఇందులో వాళ్ల తప్పేముంది, మనమంతా అలా చదువుకున్నవాళ్లమే కదా. కళ్లు తుడుచుకుని, చేను ఎలా ఉంటే గడి అలాగే ఉండాలి బాబాయీ, చేను పోతే గడీ పోవాలి, అప్పుడే నా లెక్క నిజమవుతుందని విడమరిచి చెప్పాను.

"అయితే నీక్కావల్సింది పోయిన చేనా?" అన్నాడు బాబాయి. "ఆ ముక్క ముందే చెబితే పోయేది గదమ్మా. అది మా దగ్గర ఎంత కావాలంటే అంతుంది."

పిన్ని ఆ డబ్బా పట్టుకుని అలాగే నిలబడి, నీ చదువు చెడగొట్టామా అని అడిగింది.

మిగతా ఊళ్లలోనన్నా గడులు బాగా ఉండకూడదని, అంటే పాడైపోయి ఉండాలని, దేవుణ్ణి వేడుకుంటూ బస్సులు మారి తిరిగాను. ఇలాంటి ప్రార్థన ఎవరైనా చేస్తారా? కానీ పిన్ని చర్చిలో చెప్పిన మాట ఆడవాళ్ల నోళ్లలో పడి నాకంటే ముందే ఊళ్లన్నీ తిరిగేసింది. ఏ చేలోకి వెళ్లినా ఎండిన మొక్కల మధ్య పచ్చటి గడి. మీ ఊళ్లో గడి బాగుందా మా ఊళ్లో గడి బాగుందా అని పోటీలు కూడా పడ్డారట. కన్నవాళ్లు కూడా అంతగా చూడరు. చివరి చేను గట్టు మీద నిలబడి, వీళ్లలో ఒక్కరైనా నన్ను పట్టించుకోకుండా ఉండకూడదా అనుకున్నాను.

గైడుగారు ఆ చేలు చూడలేదు, ఇంకెవరూ చూడబోరు, ఆ అంకెలు అలాగే ఇచ్చేసినా అడిగేవాడు లేడు. గుంటూరు బస్సులో దారంతా అదే ఆలోచన తొలిచేసింది. అయినా ఆ చేను చూసొచ్చిన కళ్లతో ఆ పట్టీ ఆయన ముందు పెట్టడం నా వల్ల కాలేదు. జరిగింది చెప్పాను. అందరూనా అని అడిగారు. అందరూనండీ అన్నాను. ఆయన నవ్వబోయి ఆగిపోయి, పట్టిక తెరిచి, మిగిలిన తీతలకు కొత్త అంకెలు తానే తీసి ఇచ్చారు. ఈసారి గడి ఎక్కడ పడిందో రైతులకు చెప్పకుండా వెళ్లి అప్పటికప్పుడు తీసుకురమ్మన్నారు. వెళ్లాను. తీయడానికి పత్తి లేదు. చేను తరవాత చేను, ఖాళీ సంచి కాటాకి తగిలించి, దించి, సున్నా అని రాసుకున్నాను.

ఇక అసలు కష్టం అప్పుడు మొదలైంది. నా పద్ధతిలో మొదటి మెట్టే దిగుబడులకు లాగరిథమ్, అదే సంవర్గమానం, తీయడం. సున్నాకు లాగరిథమ్ లేదని ఇంటర్ పిల్లలకు ఏటా నేనే చెబుతాను. పుస్తకాల్లో దానికో ఉపాయం ఉంది, ప్రతి సున్నాకూ కాస్త కలిపి లెక్క నడిపించడం. కలిపి చూశాం. ఒక పిసరు కలిపితే ఒక పంట, రెండు పిసర్లు కలిపితే వేరే పంట వస్తోంది మండలానికి. కంప్యూటరు గదిలో ఆ అంకెలు చూస్తుంటే పిన్ని బిందె గుర్తొచ్చింది నాకు. గైడుగారు కాగితాలు పక్కన పెట్టేశారు.

"ఇది నిలవదమ్మా. సున్నాలకు వేరే దారి వెయ్యాలి. దానికి నాకూ టైము లేదు, నీకూ లేదు."

ఆయన వేసవిలో రిటైరయ్యారు. రిజిస్ట్రేషను రద్దయిందన్న కాగితం వానల్లో వచ్చింది. ఆ రోజు కాలేజీకి వెళ్లి సంవర్గమానాల పాఠమే చెప్పి, ఇంటికొచ్చి తలుపేసుకుని ఏడ్చాను. నాన్న గుమ్మం దగ్గర కుర్చీ వేసుకుని కూర్చున్నాడు గానీ తలుపు కొట్టలేదు. చాలా ఏళ్లు ఎవరైనా పరిశోధన అన్న మాటెత్తితే నేను అక్కణ్ణించి లేచి వెళ్లిపోయేదాన్ని.

నాలుగైదేళ్ల తరవాత మార్టూరు బస్టాండులో పిన్నీ బాబాయీ కనిపించారు. కౌలు వదిలేసి, ఇద్దరూ అక్కడే రాళ్లు పాలిషు పట్టే యూనిట్‌లో పనికి కుదిరారట. బాబాయి తల నెరిసిందో రాతిపొడి పట్టిందో నాకు పోల్చుకోవడం రాలేదు, మాటకోసారి దగ్గుతున్నాడు. పిన్ని నా రెండు చేతులూ పట్టుకుని కళ్లలోకి చూస్తూ, ఇన్నేళ్లూ ఎవర్ని అడగాలో తెలియక దాచుకున్న ప్రశ్న అడిగింది.

"పాసయ్యావా అమ్మా?"

"పాసయ్యాను పిన్నీ," అన్నాను. "నీ గడి వల్లే."

ఆవిడ వెంటనే పక్కన బస్సు కోసం నిలబడ్డవాళ్ల వైపు తిరిగి, మా పిల్లేనండీ, మా చేలోనే చదివింది, ఇప్పుడు డాక్టరయింది అని చెప్పింది. ఎవరో ముసలాయన మోకాళ్ల నొప్పులకు మందు అడిగాడు. సిద్ధాంత గ్రంథంలో ఒక్క తప్పుడు అంకె రాయలేకపోయినదాన్ని, ఆవిడ ముందు ఆ మాట ఇట్టే అనేశాను. మళ్లీ అడిగినా అదే చెబుతాను. అడగడానికి ఇప్పుడు ఇద్దరూ లేరు.

ఇవన్నీ తలుచుకుంటూనే మొన్న ఆ మిరప చేలోకి దిగాను. ఇది ఎవరి చేనమ్మా అని అడిగితే ఆ అమ్మాయి మర్యాదగా ఫోను తిప్పి చూపించింది, అందులో ఒక నంబరు ఉంది. రైతును తానెప్పుడూ చూడలేదంది. ఇప్పుడు గడి ఎక్కడ పడాలో పైనుంచే వస్తుందనీ, ఎవరితోనూ మాట్లాడాల్సిన పని లేదనీ, అందువల్ల తప్పులు జరగవనీ చెప్పింది. మా రోజుల్లో ఈ ఫోను ఉంటే నేనూ డాక్టరునయ్యేదాన్నేమో. ఈ ఏడు మిరపకు ముడత తగిలింది, తాడు లోపలా బయటా ఆకులు ఒకేలా ముడుచుకుని ఉన్నాయి. గణాంకాలు చదివినదాన్ని గనక అది చూసి సంతోషించాలి. వంగి, తాడు లోపల చెయ్యి పెట్టి మట్టి ముట్టుకుని చూశాను. బయట ఎంత పొడిగా ఉందో లోపలా అంతే పొడిగా ఉంది.